రెండో వరుసలో మూసిన గొడుగు

సముద్రపు సెలవులంటే మా ఇళ్ళలో ఆడవాళ్ళకి కాపురం మకాం మార్చడమే. ఇంటి దగ్గర ఏ చాకిరీ ఉందో ఇక్కడా అదే, కాకపోతే కాళ్ళకింద ఇసుక ఉంటుంది. తువ్వాళ్ళు దులపాలి. పిల్ల వీపుకి ఎండ మందు రాయాలి. అన్నం తిన్నాక మూడు గంటలదాకా నీళ్ళలో దిగకుండా కాపలా కాయాలి. బసలో గంట కొట్టారంటే ఆకలున్నా లేకపోయినా వెళ్ళి బల్ల ముందు కూర్చోవాలి. ఇదంతా చేసి పదిహేను రోజుల తర్వాత ఊరికెళ్తే, "నీకేం తల్లీ, విశ్రాంతి తీసుకుని వచ్చావు" అంటారు ఊళ్ళోవాళ్ళు.

మాది పో నది ఒడ్డున, క్రెమోనా పక్కన పాల ఊరు. మామయ్య ఒరెస్తే తన ఆయుష్షంతా ఆవుల మధ్య గడిపాడు. మా ఆయన రుజ్జేరో చీజ్ ఫ్యాక్టరీకి పాల ట్యాంకరు తోలతాడు. నేను బడిలో వంట చేస్తాను. ఆగస్టు రాగానే ఊరు ఊరంతా తలుపులేసుకుని సముద్రం మీద పడుతుంది. మేం చెసెనాటికో అనే ఊరికి వెళ్తాం. ఎప్పుడూ అదే బస, అదే గది, ఇసుకలో అదే గొడుగు. రెండో వరుస.

రెండో వరుస గొడుగంటే ఆషామాషీ కాదు. అది పొలం లాంటిది, తల్లి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దిగుతుంది. మా అత్తగారు వెనక అయిదో వరుసలో ఎన్నో ఏళ్ళు కాచుకుంటే, పార్మా నుంచి వచ్చే బడి పంతులుగారు పోయాక ఈ చోటు దక్కింది. ఆవిడ పంతులుగారి ఆత్మకి ఏటా కొవ్వొత్తి వెలిగించేది. అది కృతజ్ఞతో, పాపభయమో నాకెప్పుడూ తెలియలేదు. ఒక్క చావుతో తప్ప ఆ వరుసలో చోటు ఖాళీ కాదు. ఇది అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అందుకే ఈ ఏడు మేం దిగిన రోజున, మా పక్క గొడుగు మూసి ఉండడం చూసి మామయ్య ఇసుకలో అలాగే నిలబడిపోయాడు.

పక్క గొడుగు ఇరిదేగారిది. ఫెర్రారా ఆవిడ. మా అత్తగారున్నప్పటి నుంచీ పక్కపక్కనే. అత్తగారు పోయాక, ఆవిడ భర్త అమెదేయో కూడా పోయాక, మామయ్యా ఇరిదేగారూ ఆ రెండు గొడుగుల మధ్య నీడలో కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రందాకా పేకాడేవారు. పదిహేను రోజులు. మళ్ళీ ఏడాదిదాకా ఒక ఉత్తరం లేదు, ఫోను లేదు. ఇంటిపేర్లు కూడా ఒకరివి ఒకరికి తెలియవు. ఇన్నేళ్ళయినా 'మీరు' అనే పిలుచుకుంటారు. సముద్రం దగ్గరి స్నేహాలు అలాగే ఉంటాయి. ఆ ఇసుక దులిపేసుకుంటే అవీ రాలిపోతాయనుకునేదాన్ని.

"ఫోను చేశానండీ, ఎత్తడం లేదు" అన్నాడు గొడుగులు చూసుకునే తుల్లియో. "రెండు మూడుసార్లు చేశా. అడ్రసు మా నాన్నకి తెలుసు. ఆయన పోయినేడు పోయాడు కదా."

ముందు గొడుగులో ఉండే లొరెదానా నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, గొంతు తగ్గించింది. తగ్గించినా మూడో వరుసదాకా వినపడుతుంది. "ఒరెస్తేగారూ, మనసు గట్టి చేసుకోండి. ఇంకేముంటుంది చెప్పండి? ఆ వయసు. పైగా ఒంటరి మనిషి."

"నాకంటే నాలుగేళ్ళు చిన్నది" అన్నాడు మామయ్య.

"అయ్యో, నేను అదే అంటున్నా."

నేను కల్పించుకున్నా. "జబ్బు చేసిందేమో. కూతురి ఇంటికి పోయిందేమో."

"ఆవిడకి పిల్లలెక్కడున్నారమ్మా? జబ్బు చేస్తే చెప్పి పంపదా? రెండో వరుస చోటు, ఆగస్టు నెల. బతికున్న మనిషెవరైనా ఊరికే వదులుకుంటారా?"

అక్కడితో వరుసవాళ్ళ లెక్కలో ఇరిదేగారు చచ్చిపోయింది. ఆదివారానికల్లా వరుసవాళ్ళందరూ తలా ఇంత వేసుకుని రేవు దగ్గరి చర్చిలో ఆత్మశాంతికి పూజ చెప్పించారు. ఇంటిపేరు తెలియదు కాబట్టి ఫాదర్ "మన సోదరి ఇరిదే, ఫెర్రారా వాస్తవ్యురాలు" అని చదివాడు. లొరెదానా కళ్ళద్దాలు తీయలేదు. అందరూ తడి జుట్టుతో, చెప్పుల్లో ఇసుకతో వచ్చి నిలబడ్డారు.

మామయ్య రాలేదు. బసలో మెట్ల మీద కూర్చుని, "బతికున్న మనిషికి పూజేంటి? నేను రాను" అన్నాడు.

"బతికుందని నీకెవరు చెప్పారు నాన్నా?" అన్నాడు రుజ్జేరో.

"చచ్చిందని వాళ్ళకెవరు చెప్పారురా?"

ఆ తర్వాత ఆయన ఇసుకలోకి రావడం మానేశాడు. బల్ల ముందు కూర్చున్నా తినేవాడు కాదు. చేప ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ తిప్పి, మనవరాలు ఎలెట్రా పళ్ళెంలో వేసేవాడు. దానికి పన్నెండేళ్ళు, చేపంటే చిరాకు, అది తెచ్చి నా పళ్ళెంలో వేసేది. ఆ వారం నేను పూటకి మూడు చేపల చొప్పున తిన్నాను.

రుజ్జేరో దీనికి మందు కనిపెట్టాడు. మా ఆయనకి పాత ఊళ్ళంటే పిచ్చి. ఏడాదంతా ట్యాంకరు తోలే మనిషి, సెలవుల్లో మళ్ళీ కారు తోలుకుంటూ కోటలకీ చర్చిలకీ పోదామంటాడు. "నాన్నని తిప్పితే మనసు మళ్ళుతుంది" అన్నాడు. బసవాళ్ళు కట్టిచ్చిన బుట్ట, అందులో ఉడికిన గుడ్లు, హామ్ పెట్టిన రొట్టె, మెత్తబడిన పీచ్ పళ్ళు. అది ఒళ్ళో పెట్టుకుని రవెన్నా పోయాం. ఎండ నెత్తిన పేలుతోంది. ఒక చర్చిలోంచి ఇంకో చర్చికి, ఆ చర్చిలోంచి ఒక సమాధికి. ఒకచోట పైకప్పంతా ముదురు నీలం, బంగారు చుక్కలు. "అమ్మా, చూడవే" అంది ఎలెట్రా. చూశాను. మెడ నొప్పి పుట్టింది. లోపల చల్లగా ఉండి ఆ రాతి గట్టు మీద వాలి ఒక కునుకు తీయాలనిపించింది గానీ, వెనక జనం తోసేస్తున్నారు.

మామయ్య ఒక్క చుక్క వైపైనా చూడలేదు. బయట టికెట్లిచ్చే ఆవిడ దగ్గర నిలబడి, "ఇక్కణ్ణుంచి ఫెర్రారా ఎంత దూరం?" అని అడుగుతున్నాడు.

తిరుగు దారిలో కారులో అన్నాడు. "రుజ్జేరో, రేపు ఫెర్రారా పోదాం."

"ఫెర్రారాకా? ఎందుకు నాన్నా?"

"కోట ఉందిగా. నువ్వే అన్నావు, చుట్టూ నీళ్ళున్న కోట అని."

మా ఆయన మొహం వెలిగిపోయింది. తండ్రి పుట్టి బుద్ధెరిగాక కోట చూద్దామనడం అదే మొదలు. నేను వెనక్కి తిరిగాను. "మామయ్యా, కోట కోసమేనా?"

"నువ్వు ముందు నీళ్ళ సీసా ఇటివ్వమ్మా" అన్నాడు.

సరే, ఇచ్చాను. లోపల మాత్రం ప్రాణం ఉసూరుమంది. రేపు ఒక్కరోజు గొడుగు కింద కళ్ళు మూసుకుని పడుకోవచ్చనుకున్నా. అదీ పోయింది. అది కాక ఇంకో భయం. ఆ ఊళ్ళో పక్కింటివాళ్ళెవరో "ఆవిడా? వసంతంలోనే పోయింది కదండీ" అంటే, ఆ ఎండలో, ఆ వీధిలో, ఈ పెద్దాయన్ని పట్టుకుని నిలబడాల్సింది నేనే. మా ఆయన కోటలో ఉంటాడు.

అలాగే అయింది. ఫెర్రారాలో కారు దిగగానే మామయ్య మోకాళ్ళ నొప్పి అన్నాడు, రుజ్జేరో కోట మూసేస్తారన్నాడు, ఎలెట్రా ఐస్‌క్రీం అంది. తండ్రీ కూతురూ కోటకి పోయారు. మామయ్య చేతికర్ర, నా భుజం, ఆనాటి తిండి బుట్ట, మేమిద్దరం మిగిలాం.

"ఇల్లెక్కడో తెలుసా మామయ్యా?"

"ఊరి గోడ పక్కన. కింద రొట్టెల కొట్టు. వంటింటి కిటికీలోంచి చూస్తే గోడ మీద నడిచేవాళ్ళ కాళ్ళు కనపడతాయట. మొహాలు కనపడవట. ఎవరి చెప్పులు అరిగాయో నాకు తెలుసు, ఎవరు నవ్వుతున్నారో తెలియదు అనేది."

ఇంటిపేరు తెలియదు గానీ, ఆవిడ వంటింటి కిటికీలోంచి ఏం కనపడుతుందో తెలుసు. నాకు నవ్వూ వచ్చింది, నీరసమూ వచ్చింది. ఎందుకంటే ఆ ఊరి గోడ ఊరంత పొడుగు. పాత గోడ, మీద చెట్లు, చెట్ల కింద మట్టి దారి. గోడెక్కి నడవడం మొదలుపెట్టాం. కింద ఎర్ర ఇటుక ఇళ్ళు, అన్నిటికీ తలుపులు బిగించి ఉన్నాయి. ఊళ్ళో పిల్లి కూడా తిరగడం లేదు. రొట్టెల కొట్లు కనపడితే ఆగుతున్నాం. అన్నిటికీ సెలవుల కాగితమే. మామయ్య ప్రతి కిటికీ ముందు నిలబడి, తన కాళ్ళు చూసుకుని, మళ్ళీ కిటికీ వైపు చూసేవాడు. లోపలివాళ్ళకి తన కాళ్ళు మాత్రమే కనపడతాయా అని లెక్క వేసుకుంటున్నాడన్నమాట. ఆ కాసేపట్లో నేను రెండుసార్లు కూర్చున్నా, రెండుసార్లు ఆయనే లేపాడు.

అంతలో ఎదురుగా ఒకాయన సైకిలు మీద పుచ్చకాయ కట్టుకుని వస్తున్నాడు. మామయ్య కర్ర అడ్డం పెట్టాడు. పడబోయి ఆగాడాయన.

"ఏంటయ్యా, చంపుతావా?"

"ఇరిదే అనే ఆవిడ తెలుసా? పెద్దావిడ. భర్త అమెదేయో. కింద రొట్టెల కొట్టు."

"ఇరిదేనా? తెలియకేం."

మామయ్య నా భుజం పట్టుకున్నాడు. ఆవుల్ని కట్టేసిన చెయ్యి, నా ఎముక నలిగింది. "ఎప్పుడు..." అన్నాడు.

"ఎప్పుడేంటి? పొద్దునే చూశా. చెత్త సంచీ పారేయడానికి వచ్చింది. ఆ ఆకుపచ్చ తలుపుల ఇల్లు చూడండి, అదే."

సైకిలాయన పోయాడు. మామయ్య గోడ అంచున కూలబడ్డాడు. "చెత్త సంచీ" అన్నాడు. "చెత్త సంచీ పారేసిందట." ఆ మాటే మూడు నాలుగుసార్లు అన్నాడు, ఏదో శుభవార్త చదువుతున్నట్టు. కళ్ళు తుడుచుకుని, చెమటన్నట్టు రుమాలు నుదుటికి తీసుకుపోయాడు.

కింద తలుపు దగ్గర గంట నొక్కాం. పలుకు లేదు. మళ్ళీ నొక్కాం. పైన మూసిన కిటికీ వెనక నుంచి గొంతు వినపడింది. "ఇంట్లో ఎవరూ లేరు! అందరూ సముద్రానికి పోయారు!"

మామయ్య తల పైకెత్తాడు. "ఇరిదేగారూ, నేను."

పైనుంచి "అయ్యో దేవుడా" అన్నట్టు ఒక నిట్టూర్పు, తలుపు తెరుచుకున్న చప్పుడు.

వంటింట్లో వెలుతురు లేదు, చల్లగా ఉంది. ఇరిదేగారు ఇంట్లో తొడుక్కునే చేతుల్లేని పాత గౌనులో, రేకు తొట్టెలో నీళ్ళు పోసుకుని అప్పటిదాకా అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉందనుకుంటా. నేల మీద తడి అడుగులు ఉన్నాయి. ఎప్పుడూ ఎండకి నల్లబడిన ఆవిడనే చూశా నేను. తెల్లగా ఉంటుందని అప్పుడే తెలిసింది. మమ్మల్ని చూసి దొంగ దొరికినట్టు నిలబడింది.

"మీరు బతికే ఉన్నారు" అన్నాడు మామయ్య. అది సంతోషంలా లేదు, నేరం మోపినట్టు ఉంది.

"ఉన్నా. ఎందుకుండను?"

"మీకు పూజ చెప్పించారు."

"ఎవరు?"

"మన వరుసవాళ్ళు."

ఇరిదేగారు కుర్చీలో కూర్చుంది. "లొరెదానా పనేనా?"

"ఆవిడే" అన్నాను నేను.

"ఏడ్చిందా?"

"కళ్ళద్దాలు తీయలేదండీ, తెలియలేదు."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. "పోన్లే. ఎప్పటికైనా కావలసిందేగా. ముందే చేరి ఉంటుంది నా ఖాతాలో."

మామయ్య నవ్వలేదు. "ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. నేను వారం నుంచి..." అని ఆగిపోయాడు.

"చెప్తే ఒప్పుకుంటారా? తుల్లియో బతిమాలతాడు, మీరు బతిమాలతారు, లొరెదానా కారణం అడుగుతుంది. కారణం అంటే జబ్బయినా ఉండాలి, చావయినా ఉండాలి. నాకు రెండూ లేవు. అలిసిపోయా, అంతే. చోటు అమెదేయో ఎంచింది. ఆయనకి సముద్రమంటే ప్రాణం. నాకు ఇసుకంటే మొదటినుంచీ అసహ్యం. ఆయన పోయాక చోటు వదిలేస్తే ఆయన్ని వదిలేసినట్టుంటుందని వస్తూ ఉన్నా. ఈ ఏడు సంచీ సర్దుతుంటే, తువ్వాలు చేత్తో పట్టుకుని మంచం మీద కూర్చున్నా. లేవబుద్ధి కాలేదు. ఫోను తీగ పీకేసి పడుకున్నా."

"సముద్రం దగ్గర అలుపేంటి?" అన్నాడు మామయ్య. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు.

ఇరిదేగారు ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. "నీకు తెలుసా అమ్మాయ్?"

"తెలుసు" అన్నా.

"కూర్చో. చెప్పులు విప్పెయ్. నేల చల్లగా ఉంటుంది."

విప్పాను. ఆ గచ్చు నేల మీద పాదాలు ఆనించగానే ఒంట్లో బిగువంతా ఒక్కసారి దిగిపోయింది. మామయ్య ఇంకా నిలబడే ఉన్నాడు.

"నాతోనా అలుపు?" అన్నాడు.

"మీతో కాదు." ఆవిడ గ్లాసులో నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టింది. "కొంచెం మీతో కూడా" అంది. "ఎప్పుడూ ఆ ఎర్రావు ఈనిన కథే చెప్తారు."

"అది మంచి కథ."

"మంచిదే. దూడ కాళ్ళు ముందొచ్చాయా తల ముందొచ్చిందా నన్నడగండి, నేను చెప్తా."

ఆయన మొహం చూడలేక నేను కిటికీ వైపు చూశాను. తలుపుల సందులోంచి గోడ మీద రెండు కాళ్ళు పోయాయి, చిన్నపిల్లవి, ఎర్ర చెప్పులు. ఏదో ఒకటి అని సర్దాలి, కోడల్ని కదా. కానీ నోరు తెరిచేలోపే కళ్ళు మూతలు పడ్డాయి. ఇలాంటి సమయంలో నిద్ర పోతారా ఎవరైనా? నేను పోయాను. పరాయి ఇంట్లో, కర్ర కుర్చీలో, బుట్ట ఒళ్ళో పెట్టుకుని.

మెలకువ వచ్చేసరికి మాటలు వినపడ్డాయి. కళ్ళు పూర్తిగా తెరవలేదు. సన్నగా చూశాను. మామయ్య ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది. ఒకే తొట్టెలో నాలుగు కాళ్ళు. మధ్యలో బేరి పళ్ళ తొక్కలు.

"అయితే ఇక రారన్నమాట" అంటున్నాడు మామయ్య.

"రాను. తుల్లియోకి మీరే చెప్పండి, చోటు ఎవరికైనా ఇచ్చుకోమని."

"మరి నేనేం చెయ్యను అక్కడ?"

"అది నన్నడిగితే ఎలా?"

తొట్టెలో నీళ్ళు కదిలాయి.

"పోనీ నేనే ఇక్కడికి వస్తే?"

"ఆగస్టులో వద్దు. ఆగస్టు నాది. ఊళ్ళో ఎవరూ ఉండరు, నన్నెవరూ పిలవరు." ఇంకో పండు తొక్క తీస్తోంది. "నవంబరులో రండి. అప్పుడు మనిషి మొహం చూడాలనిపిస్తుంది. ఎర్రావు కాకుండా ఇంకో కథ ఏదైనా ఉంటే తెచ్చుకోండి."

"నవంబరులో నాకు మోకాళ్ళు పట్టేస్తాయి."

"నాకు మాత్రం పట్టేయవా?"

ఆయన బేరి ముక్క తీసుకుని తిన్నాడు. ఆ వారంలో ఆయన ఏదైనా నమిలి మింగడం నేను చూడడం అదే మొదలు. అప్పుడు కళ్ళు తెరిచాను. ఫోను మోగుతోంది. రుజ్జేరో. "ఎక్కడున్నారు? కోటలో చీకటి కొట్లు చూశాం, భలే ఉన్నాయి, మీరు రాకపోతే నష్టం మీదే!"

కారులో విషయం చెప్తే మా ఆయన నమ్మడానికి చాలాసేపు పట్టింది. "ఊరికే రాలేదా? ఊరికేనా?" అని తోవంతా అడుగుతూనే ఉన్నాడు. ఎలెట్రా ఒక్కతే, "నాకూ మూడు గంటలు ఆగి నీళ్ళలో దిగడం విసుగే" అంది.

మర్నాడు పొద్దున మామయ్య గొడుగు కిందికి వచ్చాడు. లొరెదానా కుర్చీ లాక్కుని వచ్చేసింది. "వెళ్ళారటగా? పాపం, సమాధి ఎక్కడ పెట్టారు?"

"వంటింట్లో ఉంది. బాగానే ఉంది. అలిసిపోయిందట, అందుకే రాలేదు."

"అలిసిపోతే సముద్రానికి రావాలి గానీ ఇంట్లో కూర్చుంటారా ఎవరైనా?" లొరెదానా నా వైపు తిరిగి, ఆయనకి వినపడదనుకుని, "మీ మామయ్యకి దెబ్బ గట్టిగానే తగిలింది. మీరూ ఆయన మాటే నిజమన్నట్టు ఊఁ కొడుతున్నారు కదూ? మంచిదేలే" అని నా చెయ్యి నొక్కింది.

ఆ మాట వరుసంతా పాకింది. సాయంత్రానికల్లా అందరూ మామయ్య వైపు జాలిగా చూడడం మొదలుపెట్టారు. ఎవరో ఐస్‌క్రీం తెచ్చిచ్చారు. చోటు ఖాళీ అన్న మాట విని, తుల్లియో దగ్గర అప్పటికే ఇద్దరు నిలబడి గొంతు పెంచుతున్నారు.

మామయ్య ఇవేం పట్టించుకోలేదు. ఐస్‌క్రీం తిన్నాడు. చేతులు తుడుచుకుని, సముద్రం వైపు కాకుండా వెనక ఊరి వైపు, మా పొలాలుండే దిక్కుకి చూస్తూ కూర్చున్నాడు. నేను పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకున్నా. నిద్ర రావడం లేదు. ఇసుక వేడి.

"మార్జియా" అని పిలిచాడు.

"ఊఁ."

"నవంబరులో ఆ ఊళ్ళో పొగమంచు ఎంత పడుతుందంటావు?"

"మనూళ్ళో పడినంత పడుతుంది మామయ్యా. అక్కడా అదే నది కదా."

ఆయన మోకాళ్ళు ఒకసారి నిమురుకున్నాడు.

"అయితే పర్లేదు" అన్నాడు.